తాబేళ్లు రాని రోజూ రాయాలి: ఋషికుల్య ఒడ్డున మా నడక పుస్తకం

ఫిబ్రవరి నెల వచ్చిందంటే మా సంఘం ఫోనుకు తీరిక ఉండదు. గంజాం జిల్లా నుంచి కోడళ్లుగా వెళ్లినవారు, ఉద్యోగాల మీద వెళ్లి చెన్నైలోనో బళ్లారిలోనో షోలాపూర్‌లోనో స్థిరపడినవారు ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడుగుతారు: "ఏమండీ, ఈ ఏడాది తాబేళ్లు వచ్చాయా?" వచ్చాయంటే సెలవు పెట్టుకుని పిల్లలతో బయలుదేరతారు. రాలేదంటే "అయ్యో" అని ఫోన్ పెట్టేస్తారు. ఆ ఒక్క మాట జవాబు చెప్పడానికి ఎంతమంది ఎన్ని రాత్రులు ఇసుకలో నడవాలో చాలామందికి తెలియదు. మాకూ మొదట తెలియదు. అందుకే ఈసారి ఆ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాము.

ఋషికుల్య నది కంధమాల్ జిల్లా దారింగ్‌బాడి వైపు కొండల్లో పుట్టి, సుమారు 165 కిలోమీటర్లు పారి, గంజాం పట్నం దాటాక సముద్రంలో కలుస్తుంది. బరంపురం నుంచి భువనేశ్వర్ పోయేవారికి జాతీయ రహదారి మీద ఆ నది వంతెన తెలుసు. నది సముద్రంలో కలిసే చోటుకు ఉత్తరంగా ఉన్న ఇసుక మాత్రం తెలియదు. పూరుణాబంధ, గోఖర్‌కుడ, కంటియాగడ, పొదంపేట ఊళ్ల ముందు ఉన్న ఒడ్డు అది. రోడ్డు ఊళ్ల దగ్గరే ఆగిపోతుంది. తరువాత సరుగుడు తోపు, ఆ తరువాత కాలినడకే. రాత్రి అక్కడ దీపం లేదు, టీ కొట్టు లేదు, ఫోన్ సిగ్నల్ ఉన్నా ఉన్నట్టు కాదు.

ఆ ఒడ్డున వేట మీద బతికే కుటుంబాల్లో చాలామంది మన తెలుగువాళ్లే. ఒడియావారు వారిని నోలియాలు అంటారు. మనలో వాడబలిజలనీ జాలర్లనీ పిలుచుకుంటాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి గంజాం మద్రాసు రాజధాని నుంచి విడిపోయేనాటికి వారు అక్కడే ఉన్నారు. ఊళ్లు ఉన్నచోటే ఉన్నాయి, రాష్ట్రం మారింది. ఈనాటికీ ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా.

గహీర్‌మఠ ఒడ్డున తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెడతాయని శాస్త్రలోకానికి 1974లో తెలిసింది. దేవి నది ముఖద్వారం 1981లోనూ, మన ఋషికుల్య 1994లోనూ ఆ పట్టికలో చేరాయి. ఋషికుల్య సంగతి లోకానికి చెప్పినది వన్యప్రాణి పరిశోధకుడు బివాష్ పాండవ్. "1994లో కనిపెట్టారు" అంటే ఊరి ముసలమ్మలు నవ్వుతారు. వారి దృష్టిలో అది కూర్మావతారం. ఏటా శ్రీకూర్మం వెళ్లి దండం పెట్టుకునేవాళ్లకు, అదే స్వామి తమ ఇంటి ముందుకు వస్తాడని ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇక్కడికి వచ్చేది ఆలివ్ రిడ్లే అనే జాతి. డిప్ప రెండడుగులకు కాస్త అటూ ఇటూ, బరువు 35 నుంచి 45 కిలోలు. సముద్ర తాబేళ్లలో చిన్నవాటిలో ఇదొకటి. ఆడది రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్లతో మూరెడు లోతు గొయ్యి తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా ఊపుతూ డిప్పతో దాన్ని దిమ్మిస కొట్టినట్టు గట్టిపరచి వెళ్లిపోతుంది. అంతా గంటలోపు పని. మళ్లీ వెనక్కి చూడదు. 45 నుంచి 55 రోజుల్లో పిల్లలు పైకి వస్తాయి. గుడ్డులోది ఆడా మగా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. 29, 30 డిగ్రీల దగ్గర రెండూ పుడతాయి, అంతకన్నా వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లబడితే మగపిల్లలు ఎక్కువ. ఈ ముక్క చెప్పినప్పుడు మా సభలో ఆడవాళ్లు వేసిన జోకులు ఇక్కడ రాయము.

ఒక్కొక్కటిగా రావడం ఒక ఎత్తు, ఒక్కసారిగా లక్షల్లో రావడం మరొక ఎత్తు. 2023లో ఋషికుల్య దగ్గర 6.37 లక్షలు అని అటవీశాఖ లెక్క. 2024లో గుంపు రాలేదు. 2025 ఫిబ్రవరిలో 6.98 లక్షలు. ఈ మూడు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మధ్య ఏడాది గుంపు రాలేదన్నంత మాత్రాన తాబేళ్లు అంతరించిపోయాయని అర్థమా? కాదు. అలాగని అంతా బాగుందని అర్థమా? అదీ చెప్పలేము. రాకపోవడానికి కారణం వెతకాలంటే ఆ ఏడాది నవంబరు నుంచి ఒడ్డు ఎలా ఉంది, ఇసుక ఎంత తెగింది, ఎన్ని ఒంటరి తాబేళ్లు వచ్చాయి, ఎన్ని ఎక్కి గుడ్డు పెట్టకుండా తిరిగి వెళ్లాయి, ఎన్ని చచ్చి కొట్టుకొచ్చాయి అన్నది రోజువారీగా రాసి ఉండాలి. లక్షల లెక్క అధికారులూ శాస్త్రవేత్తలూ చూసుకుంటారు. ఒడ్డును అడ్డంగా కోసినట్టు కొలత పట్టీలు గుర్తుపెట్టి, వాటిలో గుడ్డు పెడుతున్న తాబేళ్లను గంటల వారీగా లెక్కించి, మొత్తం ఒడ్డుకు లెక్క కడతారు. దానికి శిక్షణ కావాలి. మిగతా రెండు వందల రోజుల లెక్క మాత్రం అక్కడ ఉన్నవాళ్లే రాయాలి. అందుకే ఋషికుల్య ఊళ్లలో స్థానికులు చాలాకాలంగా కమిటీగా ఏర్పడి కాపలా కాస్తున్నారు. మా సంఘం వారి వెనుక చేరింది. మేము చేసేది చిన్న పని: ఒక ముక్క ఒడ్డు, ఒక పుస్తకం.

ఇప్పుడు ఆ నడక ఎలా ఉంటుందో చెప్తాము.

నవంబరు నుంచి మే వరకు, వంతుల వారీగా ఇద్దరిద్దరు. ఒకరు ఊరివారు, ఒకరు పట్నం నుంచి వెళ్లినవారు. తెల్లవారుజామున, పడవలు లాగేవాళ్ల అడుగులు పడకముందే నడవాలి. ఆ వేళకు ఇసుక చదివే పుస్తకం లాగ ఉంటుంది. ఆలివ్ రిడ్లే జాడలో ఎడమ కాలి గీత, కుడి కాలి గీత ఒకదాని తరువాత ఒకటి పడతాయి, రెండూ ఎదురెదురుగా ఉండవు. ఎక్కిన జాడ, దిగిన జాడ రెండూ చూస్తాము. దిగిన జాడ పొడుగ్గా ఉంటే తాబేలు ఉన్నంతసేపూ సముద్రం వెనక్కి తగ్గుతూ ఉందని, అంటే ఆటు సమయంలో వచ్చిందని తెలుస్తుంది. మధ్యలో ఇసుక చిమ్మి, చదును చేసి ఉంటే గూడు. చిమ్మడం లేకుండా వంపు తిరిగి వెళ్లిపోతే ఉత్త రాక. ఉత్త రాకలు ఎక్కువైతే ఏదో బెదిరించింది: టార్చి, కుక్క, మనిషి, లేదా తెగిన ఇసుక గట్టు. గుడ్డు పెంకులు చెల్లాచెదురుగా ఉంటే కుక్కో నక్కో తవ్వింది. పక్కన పాదముద్ర చూసి ఏది తవ్విందో రాస్తాము. గూడును మేము తాకము. గుడ్లు కదిలించే అధికారం మాకు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ జాతి మొదటి షెడ్యూలులో ఉంది. గూడు నీళ్లపాలయ్యేట్టు ఉంటే అటవీశాఖవారికి కబురు పెట్టడం వరకే మా పని.

తరువాత ఒడ్డు కొలత. సరుగుడు తోపు అంచున నంబర్లు వేసిన రాటలు పాతాము. ఒక్కో రాట నుంచి, రాత్రి పోటు వదిలివెళ్లిన చెత్త గీత వరకు టేపుతో కొలుస్తాము. వారానికోసారి చాలు. మొదట్లో ఇది దండగ పని అని మాలో కొందరు సణిగారు. తాబేళ్ల కోసం వెళ్లి ఇసుక కొలవడమేమిటని. కానీ ఈ ఒడ్డున ఇసుక ఒకచోట ఉండదు. సముద్రం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తూనే ఉంటుంది, నది నోరు జరుగుతూ ఉంటుంది, ఒక ఏడాది ఉన్న తిన్నె మరో ఏడాది ఉండదు. గట్టు నిలువుగా తెగిన చోట తాబేలు ఎక్కలేక తిరిగిపోతుంది. మనిషికైనా అంతే. పొదంపేట పాత ఊరు సముద్రం కోతకు పోయింది. జనం వెనక్కి జరిగి కొత్త ఇళ్లు కట్టుకున్నారు. అక్కడ సగం కూలిన గోడల మధ్య నిలబడి ఒక పెద్దాయన మాతో అన్నమాట: "బాబూ, మా ఊరు ఎంత కోసిందో ఎవరైనా మీలాగ టేపు పెట్టి రాసుంటే, ఆఫీసులో మేము అంత గట్టిగా అరవక్కర్లేకపోయేది." ఆ మాట విన్నాక టేపు గురించి ఎవరూ సణగలేదు.

మూడోది చావుల లెక్క. ఇది కష్టమైన పని, వాసన వల్ల మాత్రమే కాదు. చచ్చిన తాబేలు కనబడితే రాట నంబరు, డిప్ప కొలత, ఆడా మగా, గాయాలు, శరీరం ఎంత పాడైంది అన్నవి రాస్తాము. ఎదిగిన మగదానికి తోక పొడుగ్గా డిప్ప దాటి కనబడుతుంది, ఆడదానికి కనబడీ కనబడనట్టు ఉంటుంది. రాశాక డిప్ప మీద రంగు గుర్తు పెడతాము. లేకపోతే మర్నాడు వచ్చినవారు అదే తాబేలును మళ్లీ రాస్తారు, ఒక చావు నాలుగు చావులవుతుంది.

ఈ రాతపనిలో మేము చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మాలో సగంమంది జీవితమంతా ఆఫీసు రిజిస్టర్లు రాసి రిటైరైనవాళ్లమే. అయినా మొదటి ఏడాది పుస్తకంలో తాబేళ్లు కనబడిన రోజులే రాశాము. కనబడని రోజు ఏముంది రాయడానికి అనుకున్నాము. సీజను అయ్యాక ఒక పరిశోధక విద్యార్థిని వచ్చి పుస్తకం తిరగేసింది. జనవరిలో వరుసగా పదకొండు రోజులు ఖాళీ. "ఈ పదకొండు రోజులూ తాబేళ్లు రాలేదా, లేక మీరు నడవలేదా అంకుల్?" అని అడిగింది. మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. సంక్రాంతి పండగ అప్పుడు కొందరు ఊళ్లు వెళ్లారు. కొన్ని రోజులు నడిచాము. ఏవి ఏవో ఎవరికీ గుర్తు లేదు. ఆ నెలంతా లెక్కకు పనికిరాకుండా పోయింది.

సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, ఇదే మాట ముప్పై ఏళ్లు మేము మా కింది ఆఫీసులకు రాస్తూ వచ్చాము: సమాచారం లేకపోతే 'నిల్' అని రిపోర్టు పంపవలెను. నిల్ రిపోర్టు రాకపోతే రిమైండరు, ఆ తరువాత మెమో. ఒడ్డుకు వెళ్లేసరికి ఆ బుద్ధి ఏమైందో! అప్పటి నుంచి పుస్తకంలో నియమం మారింది. నడిచి ఏమీ కనబడకపోతే సున్నా వేయాలి. నడవకపోతే అడ్డగీత కొట్టి, ఎందుకు నడవలేదో రాయాలి: వాన, జ్వరం, పెళ్లి, ఏదైనా సరే. సున్నాకూ అడ్డగీతకూ తేడా తెలిస్తే సగం పని వచ్చినట్టే. కొత్తగా వచ్చే కుర్రవాళ్లకు తాబేలును చూపించేముందు మేము ఈ తేడా చూపిస్తాము. వాళ్లకు విసుగే. లక్ష తాబేళ్ల వీడియో చూసి వచ్చినవాడికి నలభై రోజులు సున్నాలు వేయమంటే ఎలా ఉంటుంది? సగంమంది రెండో వారానికి మానేస్తారు. ఉన్నవాళ్లే మాకు ముఖ్యం.

భాష దగ్గర మరో చిక్కు వచ్చింది. ఊరి పిల్లలు ఇంట్లో చక్కటి తెలుగు మాట్లాడతారు, కానీ బడి ఒడియా మీడియం. తెలుగు అక్షరం చదవలేరు. పట్నం నుంచి వచ్చే మాలాంటి వాళ్లకు తెలుగు రాత తప్ప మరొకటి చేతికి రాదు. అధికారులు అడిగేది ఒడియా లేదా ఇంగ్లీషు. మొదట మేము గొప్పగా అచ్చ తెలుగులో ఫారం అచ్చు వేయించాము. సంఘం వాళ్లం కదా, అది మా అభిమానం. ఊరి కుర్రవాడు ఒకడు దాన్ని తలకిందులుగా పట్టుకుని "ఏం రాయాలి మామా?" అన్నాడు. ఆ కాగితాలు ఇప్పటికీ మా బీరువాలో ఉన్నాయి. ఇప్పటి ఫారంలో బొమ్మలు ఉన్నాయి: జాడ బొమ్మ, గూడు బొమ్మ, కుక్క బొమ్మ, చచ్చిన తాబేలు బొమ్మ. పక్కన ఒడియా, తెలుగు రెండూ. దీనివల్ల అనుకోని మేలు జరిగింది. బొమ్మ చూసి, ఒడియా చదివి, పక్కనే ఉన్న తెలుగు మాటను పోల్చుకుంటూ ఇద్దరు ముగ్గురు పిల్లలు అక్షరాలు పట్టేశారు. మా ఆదివారం తెలుగు తరగతికి రమ్మంటే ఏనాడూ రాని పిల్లలు వీళ్లు.

ఇక అన్నిటికన్నా పెద్ద తగవు చావుల కాలమ్ మీద వచ్చింది. నవంబరు 1 నుంచి మే 31 వరకు ధామ్రా, దేవి, ఋషికుల్య ముఖద్వారాల దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేటపై నిషేధం ఉంటుంది. దానికి తోడు తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట బంద్. ఏడాదిలో ఇన్ని నెలలు ఇంట్లో కూర్చోవలసివచ్చే కుటుంబాలకు తాబేలు దేవుడూ అవుతుంది, కష్టమూ అవుతుంది. తాబేలు ఊపిరి పీల్చడానికి నీటి పైకి రావాలి. మరబోట్లు గంటల తరబడి లాగే వలలో చిక్కితే మునిగి చస్తుంది. తప్పించుకునే దారి ఉన్న పరికరం వలకు బిగించాలని నియమం ఉంది, చాలా బోట్లు బిగించవు. కానీ చిన్న పడవల వలల్లో కూడా తాబేళ్లు పడతాయి. ఈ మాట కాదనలేము.

గోఖర్‌కుడ వైపు ఒక మీటింగులో ఊరి పెద్ద ఒకాయన లేచి, "మా రేవు ఎదురుగా చచ్చినవి మీరు రాస్తే రేపు కేసు మా మీదకు వస్తుంది. మన తెలుగువాళ్లే మన మీద కాగితం రాస్తారా?" అన్నాడు. సభ చల్లబడిపోయింది. మాలోనూ రెండు మాటలు వచ్చాయి. కొందరు ఆ రాటల మధ్య వదిలేద్దామన్నారు. చివరకు రాయాలనే నిర్ణయించాము, ఎందుకో ఆయనకు ఇలా చెప్పాము: శవం ఒడ్డెక్కిన చోటు అది చచ్చిన చోటు కాదు. గాలి, ప్రవాహం ఎటు తోస్తే అటు రోజుల తరబడి కొట్టుకువస్తుంది. మా పుస్తకం ఎక్కడ, ఎప్పుడు అని మాత్రమే చెప్తుంది, ఎవరు అని చెప్పదు. అందుకే ప్రతి చావు పక్కన ఆ ముందు రోజుల గాలి ఏ దిక్కు నుంచో, మీ పడవలు ఆ రోజుల్లో వేటకు వెళ్లాయో లేదో కూడా రాద్దాం, ఆ కాలమ్ మీరే నింపండి. పడవలన్నీ ఒడ్డునే ఉన్న వారంలో చావులు కొట్టుకొస్తే ఆ కాగితం మీకే అక్కరకొస్తుంది. ఒక రేవు ముందు రాయడం మానేస్తే మిగతా పుస్తకాన్నీ ఎవరూ నమ్మరు. ఆయన ఒప్పుకున్నాడనలేము. కానీ గాలి కాలమ్ ఇప్పుడు ఆయన మనవడే నింపుతున్నాడు. మాకన్నా బాగా నింపుతాడు, ఎందుకంటే మాకు గాలి దిక్కు తెలియడానికి రుమాలు ఎత్తి పట్టుకోవాలి.

ఏప్రిల్ నెలలో పిల్లలు బయటికి వచ్చే రాత్రులు వేరే. ఇసుకలోంచి వచ్చిన పిల్ల ఎటు వెలుతురు ఎక్కువ ఉంటే అటు పోతుంది. సృష్టిలో రాత్రిపూట సముద్రమే వెలుగ్గా ఉండేది. ఇప్పుడు వెనుక ఫ్యాక్టరీ దీపాలు, హైవే దీపాలు ఉన్నాయి. పిల్లలు వెనక్కి తిరిగి తోపులోకి పోయి తెల్లారేసరికి కాకుల పాలవుతాయి. అందుకే ఒడ్డు వెంట వల కంచె కడతారు. కంచె దగ్గర ఆగిన పిల్లలను ఊరివాళ్లు బకెట్లలో ఏరి నీటి అంచున వదులుతారు. ఆ రాత్రులు మా పుస్తకంలో దీపాల కాలమ్ ఉంటుంది: ఏ దిక్కున, ఎన్ని గంటల వరకు. దీపం ఆర్పమని ఎవరినైనా అడగాలంటే చేతిలో తేదీ, గంట ఉండాలి.

వేరే రాష్ట్రాల్లోని పాఠకులు ఇది గంజాం గొడవ అనుకోవద్దు. 2021లో ఒడిశాలో 03233 నంబరు ట్యాగు వేసిన తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లా గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనబడింది. సుమారు 3,500 కిలోమీటర్ల ప్రయాణం అని లెక్క కట్టారు. అక్కడ ఒడ్డున రాత్రి ఎవరో నడుస్తూ ఆ నంబరు చదివి రాశారు కాబట్టే మనకు తెలిసింది. చెన్నైలో 1988 నుంచి విద్యార్థులు ఏటా రాత్రి నడకలు నడుస్తున్నారు. 2025 జనవరిలో తమిళనాడు ఒడ్డుకు తాబేళ్లు వందల్లో చచ్చి కొట్టుకొచ్చినప్పుడు మొదట లెక్క చెప్పగలిగింది అలా నడిచేవాళ్లే. యానాం వారికి కోరింగ మడ అడవులు, హోప్ ఐలాండ్ దగ్గరే. అక్కడా ఈ తాబేళ్లు గుడ్లు పెడతాయి.

మీ ఒడ్డున చచ్చిన తాబేలు కనబడితే ముందు కాళ్ల మీద లోహపు ట్యాగు ఉందేమో చూడండి. ఉంటే పీకకండి. రెండు వైపులా ఫోటో తీసి, నంబరు, తేదీ, చోటు రాసి దగ్గరి అటవీశాఖ ఆఫీసుకు ఇవ్వండి. బతికి ఉన్నది గుడ్డు పెడుతుంటే ఎదుటికి పోకండి, ఫ్లాష్ వేయకండి, వెనుక దూరంగా కూర్చోండి. టార్చి తప్పనిసరి అయితే ఎర్ర కాగితం చుట్టండి. సెల్ఫీ కోసం తాబేలు మీద పిల్లవాణ్ని కూర్చోబెట్టినవారిని మేము కళ్లారా చూశాము. వారి మీద ఏం రాయాలో మా ఫారంలో కాలమ్ లేదు.

ఈ సీజను వంతుల పట్టిక తయారైంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఊరివారే నడుస్తారు. శనివారానికి రిటైరైనవాళ్లం చాలినంత మంది ఉన్నాము. ఆదివారం తెల్లవారుజాముకు ఇద్దరు తక్కువ. సంక్రాంతి మూడు రోజులకు ముగ్గురు తక్కువ. బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు ఉన్న మన కుర్రవాళ్లు ఎవరైనా వస్తామంటే సంఘం ఆఫీసులో పేరు రాయించండి. చెప్పులు, నీళ్ల సీసా మీవి. టేపు, ఫారం, పెన్సిలు మేమిస్తాము. పెన్నైతే తేమకు ఇసుకలో రాయదు.